ఎవరింటి చేప?

మా అన్నయ్య కొడుకు అండమాన్ వెళ్లొచ్చి ఫోన్ నా చేతిలో పెట్టాడు. "బాబాయ్, ఇదేం చేప?" తెర నిండా చేపే. గాజుపెంకులాంటి ఒళ్లు, కింది సగాన ఎర్రమట్టి రంగు పట్టీలు, కంటి చుట్టూ బంగారు అంచు. ఎంతో ఓపికగా తీశాడు. కానీ అది దేన్ని పట్టుకుని కూర్చుందో ఆ భాగమంతా కత్తిరించేశాడు. అడ్డంగా ఉందట! ప్రాణం ఉసూరుమంది.

గోబీ అనే రకం చేప అని చెప్పడం తేలికే. వీపు మీద రెండు రెక్కలు విడివిడిగా ఉన్నాయి. దాన్ని పోలిన బ్లెన్నీకైతే సాధారణంగా ఒకటే పొడుగాటి రెక్క. ఏ గోబీ అన్నదే చిక్కు.

పేరుకి ముందు ఇంటిపేరు రాసుకునే జాతి మనది. ఊళ్లోకి కొత్త కుర్రాడొస్తే "ఎవరింటి అబ్బాయివి?" అనే అడుగుతాం. గోబీనీ అలాగే అడగాలి. బ్రయానినాప్స్ అనే ఒక్క ప్రజాతిలోనే చూడండి. నాటన్స్ అనే జాతి కొమ్మల పగడాల పైన ఊదారంగు కళ్లతో గుంపుగా తేలుతుంటుంది. ఆంప్లస్ ఎక్కువగా కొరడాల్లాంటి గోర్గోనియన్ పగడాల మీద ఉంటుంది. యోంగీ కాపురం నల్లపగడాల వంశంలోని తీగపగడం మీద. ఈ చివరి రెండింటినీ ఒంటి రంగు చూసి విడదీయడం కష్టం. కాళ్ల కింద ఉన్నదేమిటో తెలిస్తే సగం పని అయినట్టే. యోంగీని 1960ల చివర్లో లోకానికి పరిచయం చేసిన డేవిస్, కోహెన్ తమ పరిశోధన వ్యాసం శీర్షికలోనే దాని ఇల్లు చెప్పారు. పద్ధతంటే అదీ!

ఆ ఇల్లు ఎంత ముచ్చటైనదో! కొమ్మా రెమ్మా లేని ఒంటి తీగ. దాని మీద 3 సెంటీమీటర్ల చేపలు ఆలూమగలు. పొట్ట కింది రెక్కలు రెండూ కలిసి చిన్న దొప్పలా అయి తీగకి అతుక్కుంటాయి. మనం దగ్గరికెళ్తే తీగ అవతలివైపుకి జరుగుతాయి. మనం అటు తిరిగితే ఇటు. ఒకచోట పగడం చర్మాన్ని ఒలిచి, ఆ బోసి పట్టీ మీద గుడ్లు పెడతాయి. మావాడు కత్తిరించిన ముక్కలో ఆ పట్టీ ఉందేమో!

మా అమ్మమ్మ అయితే చేపలమ్మి గంప మూత తీయకముందే "ఎక్కడ పట్టినవే ఇవి?" అనేది. ఆవిడకిష్టమైన ఇసుకదొందూ గోబీయే. బోదెలో పట్టినవంటే బురద కంపని వెనక్కి పంపేసేది. లాకుల కింద పారే నీళ్లలోవైతేనే గంప దించనిచ్చేది. బూడిద రాసి, గరుకురాతి మీద తోమి, నీళ్లు తేటపడేదాకా కడిగేది. మట్టిదాకలో పులుసు మరిగేటప్పుడు గరిటె పెట్టనిచ్చేది కాదు, ముక్క చెదురుతుందని. దాకనే రెండు చేతులతో పట్టుకుని మెల్లగా తిప్పేది. మామిడికాయ వేసిన రోజున ఆ వాసనకి మేం బడి నుంచి పరుగెత్తుకుంటూ వచ్చేవాళ్లం.