సీసాలో అరటి పిలక

అరటి లేని తెలుగు పండుగ ఉండదు. గుమ్మానికి అరటి చెట్లు, భోజనానికి అరటి ఆకు, తాంబూలంలో అరటి పండు. మనం తినే అరటికి విత్తనం లేదు కదా, తల్లి దుబ్బు పక్కన లేచిన పిలకను తవ్వి నాటవలసిందే. కోనసీమలో మా నాన్నగారు చేసినదీ అదే. అయితే పిలకతోపాటు తల్లి జబ్బు కూడా వచ్చేది. మా అమృతపాణి తోట ఆకులు పచ్చబడి వేలాడి, మొదళ్ళు చీలి, రెండేళ్ళలో పోయింది. దాన్ని పనామా తెగులు అంటారని నేను ఈ దేశం వచ్చి చదువుకున్నాక తెలిసింది.

ఫ్లోరిడాలో ఒక నర్సరీ ల్యాబ్‌లో టిష్యూ కల్చర్ నా ఉద్యోగం. ఒక విధంగా పిలకలకు పురుడు పోయడమే! ఆరోగ్యమైన పిలకను ఒలిచి, లోపలి మొవ్వును చిన్న ముక్కగా కోసి, శుద్ధి చేసి, సీసాలో పాకం మీద పెడతాము. పంచదార, లవణాలు, హార్మోన్లు కలిపిన ఆ పాకానికి మూలం 1962లో మురాషిగె, స్కూగ్ అనే శాస్త్రజ్ఞులు పొగాకు కణజాలం కోసం ప్రకటించిన పాళ్ళు. నాలుగైదు వారాలకోసారి కొత్త మొలకలను విడదీస్తూ పోతే, ఒక్క మొవ్వు నుంచి ఏడాదిలో వందలు, వేల మొక్కలు వస్తాయి.

ఈ సంగతి ఫోనులో చెప్పి మురిసిపోతుంటే నాన్నగారు, "మొక్కకు రోగం లేదు సరే, మన నేలకు ఉందిగా తల్లీ?" అన్నారు. అక్షరాలా నిజం. ఆ బూజు మట్టిలో దశాబ్దాలు బతుకుతుంది. సీసా మొక్క శుభ్రమైనదే గాని రోగాన్ని తట్టుకునేది కాదు. పైగా అన్నీ ఒకే అచ్చు, ఒకదాన్ని పడగొట్టిన తెగులు అన్నిటినీ పడగొడుతుంది. నాన్నగారు ఆ పొలంలో తెగులును బాగా ఓర్చుకునే కర్పూర చక్రకేళి వేశారు. అమృతపాణిని మాత్రం పెరట్లో కొత్త మట్టిలో నాలుగు మొక్కలకు పరిమితం చేశారు.

అందుకే సభ్యులకు నా మనవి. ఊరి మీద మమకారంతో పెట్టెలో పిలక దాచి తేకండి. చట్టం ఒప్పుకోదు, అంటిన మట్టితో తెగులూ వస్తుంది. కొత్త రకం పనామా తెగులు 2019లో కొలంబియా దాకా వచ్చింది. ఇక్కడి నర్సరీలో శుభ్రమైన మొక్క కొనుక్కోండి. సీసాలోంచి కొత్తగా వచ్చినదైతే ఆకుకు మైనపు పొర పలచన, ఎండకు తాళదు. కొన్ని వారాలు నీడలో, తేమలో ఉంచి, మెల్లగా ఎండకు అలవాటు చేయండి. వచ్చే పండుగలకు మీ గుమ్మానికి మీ పెరటి అరటే నిలవాలని ఆకాంక్షిస్తున్నాను.