పుట్టలోంచి వచ్చిందేనా?

గుంతకల్లుకు దగ్గర్లో, కర్నూలు జిల్లా అంచున ఉంటుంది చిప్పగిరి. భోగేశ్వరస్వామి గుడి, హరిదాసు విజయదాసులు 1755లో తనువు చాలించిన చోటు... ఊరి పేరు చెబితే పెద్దలకు గుర్తొచ్చేవి ఇవే. దట్టమైన అడవి చూడాలంటే నల్లమల దాకా పోవాల్సిందే. అయినా అడవి కూర రుచి మెట్ట పల్లెలకూ తెలుసు. వానలు పడి నాలుగు రోజులు ముసురు పడితే చాలు, చెదపుట్టల చుట్టూ తెల్లటి గొడుగులు విచ్చుకుంటాయి.

ఉరిమితే మొలుస్తాయని పెద్దల మాట. నిజానికి ఆ సేద్యం చెదపురుగులది! ఎండుపుల్లలు నమిలి, పుట్ట లోపల మడులు కట్టి, వాటి మీద బూజు పెంచుకుంటాయి. వానకు ఆ బూజే గొడుగై పైకొస్తుంది. ఫ్రెంచి శాస్త్రవేత్త రోజర్ హైమ్ 1942లో దీనికి ‘టెర్మిటోమైసిస్’ అని పేరు పెట్టాడు. మనవాళ్లు ఎప్పుడో ‘పుట్టగొడుగు’ అనేశారు.

చిక్కల్లా రూపంతోనే. గడ్డినేలల్లో అచ్చం ఇలాంటిదే ఇంకోటి మొలుస్తుంది. పేరు క్లోరోఫిల్లమ్. తిన్న మూడు గంటల్లోపే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. అసలుదాన్ని నెమ్మదిగా తవ్వితే కాడ వేరులా సాగి పుట్టలోకి దిగిపోతుంది. నడినెత్తిన మొన తేలి ఉంటుంది. కింది రేకులు ముదిరేకొద్దీ లేత గులాబీ రంగుకొస్తాయి. నకిలీదానికి వేరుండదు. కాడకు ఉంగరంలాంటి పట్టీ, నెత్తిన గోధుమరంగు పొలుసులు ఉంటాయి. ముదిరితే రేకులు ఆకుపచ్చగా మారతాయి. లేతప్పుడు మాత్రం రెండూ తెలుపే! అందుకే మొగ్గల జోలికి పోకూడదు. గొడుగును రాత్రి కాగితం మీద బోర్లిస్తే తెల్లారేసరికి పొడి రాలుతుంది. ఆకుపచ్చ పొడి పడితే పారేయాల్సిందే. గులాబీ పడినంత మాత్రాన పొయ్యి మీదికి ఎక్కించకూడదు. పుట్ట, వేరు, మొన... అన్నీ కుదరాలి.

వీటన్నిటికన్నా భయపడాల్సింది అమానిటా జాతిలోని విషపు రకాలకు. వాటి కాడ మొదట్లో సంచిలాంటి తొడుగు ఉంటుంది. పైపైన తుంచి తెచ్చేవాళ్లకు అది కనిపించదు, మట్టిలోనే ఉండిపోతుంది. బాధ మొదలయ్యేది ఆరు నుంచి పన్నెండు గంటల తర్వాత. మధ్యలో తగ్గినట్టే ఉండి, ఆపైన కాలేయాన్ని దెబ్బతీస్తుంది. వెండి గరిటె నల్లబడకపోతే మంచిదనీ, పురుగు కొరికింది మనమూ తినొచ్చనీ చెప్పేవన్నీ ఒట్టి మాటలే. ఎంత ఉడికించినా ఆ విషం పోదు. అనుమానం వస్తే, కూర మిగిలినా, కోయని ముక్క ఉన్నా వెంట పట్టుకుని వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి.

బజారులో దొరికే బటన్ రకంలా దీన్ని షెడ్లలో పండించడం కుదరలేదు. చెదలు లేకుండా ఇది ఎదగదు మరి. పొలం చదును చేస్తే పుట్ట పోతుంది, దాంతో గొడుగూ పోతుంది. నాగుల చవితికి పాలు పోసే పుట్టను మాత్రం తవ్వడానికి చేతులు రావు.