కొండలెక్కే రైలు

పిల్లలూ! మన చోడవరంలో రైలు స్టేషను లేదు. రైలు కూత వినాలంటే సుమారు 20 కిలోమీటర్ల దూరాన ఉన్న అనకాపల్లికి పోవాలి. అయినా మేడ మీదికి ఎక్కి ఉత్తరం వైపు చూడండి. నీలంగా ఒక కొండల వరస కనబడుతున్నది గదా! మన శారదా నది పుట్టింది ఆ అనంతగిరి కొండల్లోనే. ఆ కొండలను తొలుచుకుంటూ ఒక రైలు రోజూ పైకి ఎక్కుతున్నది. ఈసారి సెలవులకు దాని మీద ప్రయాణం చెయ్యాలని మా వీధి పిల్లలు పట్టుబట్టారు. ఎలా వెళ్ళాలి, ఎప్పుడు వెళ్ళాలి, ఎంత దూరం వెళ్ళాలి అని నెల రోజులుగా మా అరుగు మీద చర్చలు జరుగుతున్నవి. వాటిలో తేలిన సంగతులు మీకూ, మీ అమ్మానాన్నలకూ పనికివస్తాయని రాస్తున్నాను.

ముందు పటం తీసి మన ఊరి నుంచి నిట్టనిలువుగా పైకి ఒక గీత గీయండి. ఆ గీత దాదాపు అరకు మీదుగానే పోతుంది. కొలిస్తే దూరం సుమారు 55 కిలోమీటర్లు. మరి రైలులో విశాఖపట్నం నుంచి అరకుకు సుమారు 130 కిలోమీటర్లు! దానికి నాలుగు గంటలకు పైగా పడుతుంది.

ఇది విని ఆరో తరగతి చదివే ఒక అమ్మాయి, "మాష్టారూ, బస్సయితే ఇంకా తొందరగా పోదుమేమో కదండీ? రైలెందుకండీ?" అన్నది.

"తొందరగా పోయి అరకులో ఏం చేస్తావమ్మా?" అని అడిగాను.

"చూస్తానండీ."

"చూడవలసింది దారిలోనే ఉన్నది. తొందరపడితే అది వెనకబడిపోతుంది," అన్నాను.

ఈ సంగతి మనసులో పెట్టుకుంటే తక్కిన ఏర్పాట్లన్నీ సులభం. పగటి రైలు కావాలి, రాత్రి బండి పనికిరాదు. చిన్న స్టేషన్లలో కూడా ఆగే పాసింజరైతే మరీ మంచిది. విశాఖపట్నంలో పొద్దున్నే బయలుదేరే కిరండూల్ పాసింజరు అటువంటిది. వేళలు మారుతుంటాయి గనక, బయలుదేరే వారంలో మళ్ళీ ఒకసారి టైంటేబిలు చూసుకోండి.

అసలు ఈ లైను మన విహారం కోసం వేసింది కాదు. చత్తీస్‌గఢ్ రాష్ట్రంలో బైలడిలా అనే కొండలున్నవి. బైలడిలా అంటే ఎద్దు మూపురం అని అర్థం. ఆ కొండల నిండా మేలైన ఇనుపరాయి. యుద్ధంలో దెబ్బతిన్న జపాను తన ఉక్కు కర్మాగారాలకు ముడిఖనిజం వెతుక్కుంటూ మన దేశంతో 1960లో ఒప్పందం చేసుకున్నది. అడవుల నడుమ ఉన్న ఆ ఖనిజాన్ని విశాఖపట్నం ఓడరేవుకు చేర్చడానికి కొత్తవలస నుంచి కిరండూల్ వరకు 446 కిలోమీటర్ల లైను వేశారు. 1960ల చివరికి ఖనిజపు బండ్లు నడవసాగినవి. ఇందులో 58 సొరంగాలు, 84 పెద్ద వంతెనలు ఉన్నవి.

ఒక తమాషా గమనించండి. బరువుతో నిండిన బండ్లు కొండ దిగుతాయి, ఖాళీ బండ్లు కొండ ఎక్కుతాయి. ఇంజనీర్లకు ఇంతకంటె అదృష్టం ఏముంటుంది! ఖనిజం సముద్రమట్టంలో ఉండి, ఓడరేవు కొండ మీద ఉంటే ఎంత అవస్థ పడేవారో ఆలోచించండి.

ఆ లైను మీద మనం చుట్టాల వంటివాళ్ళం. ఖనిజపు బండి వస్తున్నదంటే మన బండి ఏదో ఒక చిన్న స్టేషనులో పక్కకు జరిగి నిలబడుతుంది. చాలా ఏళ్ళపాటు ఒకే లైను ఉండేది. ఇప్పుడు రెండో లైను పనులు జరుగుతున్నవి. అందుచేత ఒక గంట ఆలస్యమైతే స్టేషను మాస్టరును తిట్టుకోకండి. ఆ గంటను లెక్కలో వేసుకునే బయలుదేరాలి.

ఇప్పుడు అసలైన లెక్క. ఇనుప చక్రం ఇనుప పట్టా మీద తేలికగా దొర్లుతుంది. ఒరిపిడి తక్కువ కాబట్టే ఒక్క ఇంజను అన్ని పెట్టెలను లాగగలుగుతున్నది. కాని ఒరిపిడి తక్కువ కావడం చేతనే నిటారు వాలు ఎక్కబోతే చక్రం జారుతుంది. కనుక ఈ ఘాటులో వాలు 60కి 1 మించకుండా చూశారు. అంటే 60 మీటర్లు ముందుకు పోతే ఒక్క మీటరు పైకి. మెట్లెక్కే మనకు ఇది వాలుగానే తోచదు. అక్కడ శిమిలిగూడ అనే స్టేషను సముద్రమట్టానికి 996 మీటర్ల పైన ఉన్నది. కొండ అడుగు నుంచి సుమారు 900 మీటర్లు ఎక్కాలనుకుందాం. 900ని 60 చేత హెచ్చవేయండి. 54,000 మీటర్లు, అనగా 54 కిలోమీటర్లు! శృంగవరపుకోట దగ్గర ఎగిరిన పక్షి శిమిలిగూడలో వాలడానికి అందులో సగం దూరం చాలు. రైలు మాత్రం కొండ చుట్టూ ఒదిగి, లోయ అంచున వంగి, వంతెన దాటి, సొరంగంలో దూరి ఆ 54 కిలోమీటర్లూ ఎలాగో సంపాదించుకోవాలి.

మరి తక్కినచోట్ల ఏం చేశారు? ఊటీకి 1908లో చేరిన రైలుకు పట్టాల మధ్య పళ్ళున్న ఇనుపకడ్డీ పెట్టారు. ఇంజనులోని పళ్ళచక్రం దాన్ని పట్టుకుని, నిచ్చెన ఎక్కినట్టు ఎక్కుతుంది. అక్కడ వాలు సుమారు 12కి 1. డార్జిలింగు రైలు 1881లో వేసినది. రెండడుగుల వెడల్పు పట్టాల మీద నడిచే బొమ్మలాంటి బండి. చిన్నది గనక చిన్న మలుపు కూడా తిరగగలదు. మన బండి అలా కాదు. పట్టాల నడుమ దూరమే 1,676 మిల్లీమీటర్లు. అంత పెద్ద బండి గిరుక్కున తిరగలేదు. అందుకనే అడ్డం వచ్చిన కొండనల్లా తొలిచారు. ఈ రైలుకు అన్ని సొరంగాలు ఎందుకో ఇప్పుడు తెలిసింది గదా!

శిమిలిగూడ సంగతి మరొకటి చెప్పాలి. దేశంలో పెద్ద పట్టాల స్టేషన్లన్నిటిలోకీ ఇదే ఎత్తయినదని చాలాకాలం చెప్పుకునేవారు. ఇప్పటికీ కొన్ని పుస్తకాల్లో అలాగే ఉన్నది. కాని 2008లో కాశ్మీరు లోయలో రైళ్ళు నడవడం మొదలైనాక ఆ మాట చెల్లదు. అక్కడి స్టేషన్లు 1,500 మీటర్లకు పైన ఉన్నవి. పరీక్షలో ఎవరైనా అడిగితే జాగ్రత్త!

ఇక ఏ నెలలో వెళ్ళాలి? వేసవిలో వాగులు ఎండిపోతాయి. శ్రావణ భాద్రపదాల్లో కొండలు పచ్చగా ఉంటాయి, ప్రతి చరియ నుంచీ నీళ్ళు దూకుతుంటాయి. కాని పెద్ద వానలకు కొండచరియలు విరిగిపడి బండ్లు ఆగిపోయిన సందర్భాలున్నవి. చిన్నపిల్లలతో, ముసలివాళ్ళతో అటువంటప్పుడు వద్దు. నా మాట వింటే కార్తీకమాసం మంచిది. వాగుల్లో ఇంకా నీరుంటుంది. అరకు లోయలో వలిసె చేలు పసుపు ఆరబోసినట్టు పూస్తాయి. అయితే ఆ రోజుల్లోనే మన తీరానికి తుపానులు కూడా వస్తాయి. హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు 12న విశాఖపట్నాన్ని ఎలా కుదిపేసిందో మీ అమ్మానాన్నలను అడగండి. కనుక ప్రయాణానికి రెండు రోజుల ముందు వాతావరణ వార్తలు వినండి. తుపాను అంటే ప్రయాణం మానుకోవలసిందే. టిక్కెట్టు డబ్బులు పోయినా చింతలేదు.

టిక్కెట్ల మాటకు వస్తే, 2024 నవంబరు నుంచి రిజర్వేషను 60 రోజుల ముందు మొదలవుతున్నది. అంతకుమునుపు 120 రోజులుండేది. నవంబరు 20న ప్రయాణమైతే ఏ తేదీన టిక్కెట్లు తీసుకోవచ్చో లెక్కకట్టండి. మా అరుగు మీద ముగ్గురు మూడు తేదీలు చెప్పారు. సెప్టెంబరు 21 అన్నవాడికే మార్కులు పడ్డవి.

2017 ఏప్రిల్లో ఈ దారిలో విస్టాడోమ్ అనే అద్దాల పెట్టె పెట్టారు. కప్పుకు కూడా అద్దాలే, కుర్చీలు ఎటు కావలిస్తే అటు తిరుగుతాయి. మోకాళ్ళ నొప్పుల బామ్మగారికి అది చాలా సుఖం. కాని టిక్కెట్టు మామూలు పెట్టె కంటె ఎన్నో రెట్లు ఎక్కువ. అయిదుగురున్న సంసారానికి అది చిన్న సంగతి కాదు. పైగా అద్దాల వెనక కూర్చుంటే కొండగాలి ముఖానికి తగలదు, తడిసిన రాతి వాసన రాదు, సొరంగంలో చక్రాల హోరు సరిగా వినపడదు. ఆ డబ్బు మిగుల్చుకుని మామూలు పెట్టెలో కిటికీ దగ్గర కూర్చోమని నేనంటాను.

కిటికీ కోసం తగవులు రాక మానవు. లోయ ఒకసారి ఇటుంటే, ఒకసారి అటుంటుంది. కాబట్టి మూడేసి సొరంగాలకు ఒకసారి చోటు మార్చుకోవాలని మావాళ్ళు ఒడంబడిక చేసుకున్నారు. సొరంగాల లెక్క రాయడానికి ఒక నోటుబుక్కు కూడా కొన్నారు. కిటికీలోంచి చెయ్యి గాని తల గాని బయట పెట్టకూడదు. సొరంగం గోడ చాలా దగ్గరగా ఉంటుంది, చీకట్లో కనపడదు. గుమ్మంలో నిలబడి ఫోటోలు తీసుకునేవాళ్ళను చూసి మీరూ అలా చేయకండి. ఈ విషయంలో అమ్మానాన్నలు మొగమాటం లేకుండా కోప్పడవచ్చు.

మన ఊరి నుంచి కె.కోటపాడు మీదుగా కొత్తవలస పోయి అక్కడ బండి ఎక్కవచ్చు గాని, అప్పటికి చోటు దొరకడం కష్టం. ముందురోజు సాయంత్రమే విశాఖపట్నం చేరి, చుట్టాల ఇంట పడుకుని, పొద్దున్నే స్టేషనుకు పోవడం ఉత్తమం. తినడానికి పులిహోర, అరటిపళ్ళు చాలు. మాడుగుల హల్వా కొంచెం కట్టుకుంటే నాలుగు రోజులైనా పాడవదు. బొర్రా దగ్గర కోతులున్నవి. తినుబండారాలు చేతపట్టుకుని తిరిగితే మీకు మిగలవు.

బొర్రాగుహలు చూడాలనుకునేవారు ఆ పేరుగల స్టేషనులోనే దిగి, తరవాత రోడ్డు దారిన అరకు చేరవచ్చు. సున్నపురాతిని నీరు లక్షల ఏళ్ళు కరిగిస్తే ఏర్పడిన గుహలవి. గోస్తనీ నది వాటి అడుగున పారుతున్నది. ఆ నదే కిందికి పోయి తాటిపూడి జలాశయంలో నిండి, విశాఖపట్నం వారికి తాగునీరవుతున్నది, భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలుస్తున్నది.

ఇంకా ముందుకు పోదామన్నవాళ్ళు అరకులో దిగకుండా ఒడిశాలోని కోరాపుట్టు, జయపురం దాటి సాయంత్రానికి చత్తీస్‌గఢ్‌లోని జగదల్‌పూరు చేరవచ్చు. ఒక్క పగటిలో మూడు రాష్ట్రాలు! జగదల్‌పూరుకు దగ్గరలో ఇంద్రావతి నది మీద చిత్రకూట జలపాతం ఉన్నది. దానికి రెండు రాత్రుల బస కావాలి. కిరండూల్ దాకా పోతే రాత్రవుతుంది. ఒక్కొక్కప్పుడు బండిని అంతకుముందే ఆపేస్తారు కూడా. పిల్లలతో జగదల్‌పూరు చాలునంటాను.

అరకులోనే ఆగేవాళ్ళు తిరుగు ప్రయాణానికి బస్సు ఎక్కండి. కార్తీకంలో అయిదున్నరకే సూర్యుడు కుంకుతాడు. సాయంత్రపు రైలు ఘాటు దిగేసరికి లోయలు, సొరంగాలు ఒకే చీకటి. మరునాడు పగలు బస్సులో దిగితే, అనంతగిరి దగ్గర సిల్వరుఓకు చెట్ల నీడన కాఫీ తోటలు, ఆ చెట్లనే అల్లుకున్న మిరియాల తీగలు చూడవచ్చు. సంతలో గిరిజన స్త్రీలు కనిపిస్తే ఫోటో తీసేముందు అడగండి. వద్దంటే ఊరుకోండి. మన ఇంటి గుమ్మంలోకి ఎవరో వచ్చి ఫోటోలు తీస్తే మనకెలా ఉంటుంది?

సామానులో మరిచిపోకూడనివి ఒక స్వెట్టరు, ఒక ఉష్ణమాపకం, ఒక పలుచని ప్లాస్టిక్కు నీళ్ళ సీసా, ఒక చిప్సు పొట్లాం. వెయ్యి మీటర్లు ఎక్కితే చలి సుమారు ఆరున్నర డిగ్రీలు పెరుగుతుంది. విశాఖపట్నంలో 30 ఉంటే శిమిలిగూడలో ఎంత ఉండాలో ముందే రాసుకుని, అక్కడ ఉష్ణమాపకంతో సరిచూడండి. ఎండా, మబ్బూ లెక్కను కొంచెం తప్పిస్తాయి. బండి ఎక్కేటప్పుడు సీసాను సగం నింపి, రైలు పోయే దిక్కుకు పొడుగ్గా పడుకోబెట్టండి. ఒకే వేగంతో పోతున్నప్పుడు నీటిమట్టం ఒక కొనకు మూడు మిల్లీమీటర్లు తేడాగా కనిపిస్తే, అదే మన 60కి 1 వాలు. చిప్సు పొట్లాం కొండెక్కేకొద్దీ దిండులా ఉబ్బుతుంది. ఎంచేతనంటే లోపలి గాలి మైదానపు గాలి, బయటి గాలి పలచబడుతున్నది. పైన గాలి ఒత్తిడి సుమారు పదో వంతు తగ్గిపోతుంది.

అరకులో నీళ్ళు తాగేసి, ఖాళీ సీసాకు గట్టిగా మూత బిగించి సంచిలో పడెయ్యండి. బస్సు ఘాటు దిగి శృంగవరపుకోటలో ఆగినప్పుడు తీసి చూడండి. ఎవరో నొక్కినట్టు దాని పక్కలు లోపలికి పోయి ఉంటాయి. అలాగే ఇంటికి తెచ్చి మీ చెవి దగ్గర పెట్టుకుని నెమ్మదిగా మూత తిప్పండి. 'ఫుస్'మని చోడవరం గాలి అరకు గాలిలోకి దూరుతుంది.