గేమ్ తప్పా, ఆడేవాడి తప్పా?

1996 వేసవి సెలవులు. విజయవాడలో మా పెద్దమ్మ వాళ్ళింట్లో 486 కంప్యూటర్ ఉండేది. అన్నయ్య చదువు కోసం కొన్నారు కాబట్టి, పెదనాన్న ఆఫీసుకి వెళ్ళగానే ఇద్దరం దాని ముందు కూర్చుని "చదువుకునే"వాళ్ళం :). ఆ చదువు పేరు కింగ్స్ క్వెస్ట్ 5. ఎవరో ఫ్లాపీల్లో కాపీ చేసిచ్చారు. ఒక మాంత్రికుడు రాజుగారి కోటని, పెళ్ళాంబిడ్డలతో సహా ఎత్తుకుపోతాడు. రాజుగారు వాళ్ళని వెతుక్కుంటూ బయల్దేరతాడు. బాలనాగమ్మ కథ విని పెరిగినవాళ్ళకి ఇది అర్థం కావడానికి ఎంతసేపు!

ఆటలో ఒక బేకరీ ఉంటుంది. వెండి నాణెం ఇస్తే కస్టర్డ్ పై అనే తీపి వంటకం ఇస్తాడు. కొన్నాం. తర్వాత మంచుకొండల్లో రాజుగారికి ఆకలితో ప్రాణం మీదకొచ్చింది. చేతిలో తిండి ఉంది కదా అని అదే తినిపించాం. ఆకలి తీరింది. ఆట ముందుకు సాగింది. "శభాష్ రా" అనుకున్నాం.

కాసేపటికి ఒక పెద్ద మంచుమనిషి ఎదురొచ్చి చంపేశాడు. మళ్ళీ లోడ్ చేశాం, మళ్ళీ చంపాడు. మూడు రోజులు అదే పని. చివరికి అన్నయ్య తేల్చేశాడు, "మన ఇంగ్లీషు సరిగ్గా లేదురా. ఎక్కడో ఏదో సరిగ్గా అర్థం చేసుకోలేదు" అని. కంప్యూటర్ కట్టేసి క్రికెట్‌కి పోయాం.

చాలా ఏళ్ళ తర్వాత ఇంటర్నెట్‌లో చదివితే తెలిసింది, ఆ పైని మంచుమనిషి మొహాన విసరాలట. తినేస్తే ఇక ఆట గెలవడం అసాధ్యం. కానీ ఆ సంగతి ఆట చెప్పదు. తిననిస్తుంది, ముందుకీ పోనిస్తుంది, ఎప్పుడో తర్వాత చంపుతుంది. ఈలోపు మనం పాత సేవ్ మీదే కొత్త సేవ్ రాసేసి ఉంటాం. మా ఇంగ్లీషుకీ దీనికీ సంబంధమే లేదు!

అలాగని సియెర్రా వాళ్ళని తిట్టడం నా ఉద్దేశం కాదు. 1980లో రొబెర్టా విలియమ్స్, కెన్ విలియమ్స్ దంపతులు మిస్టరీ హౌస్ తీసుకొచ్చేదాకా అడ్వెంచర్ గేమ్ అంటే ఉత్త అక్షరాలే. 1984లో ఐబీఎం పీసీజూనియర్ కోసం చేసిన మొదటి కింగ్స్ క్వెస్ట్‌లో బొమ్మ మనిషి చెట్టు వెనక్కి వెళ్తే కనపడకుండా పోవడం, ముందుకొస్తే కనపడడం అప్పట్లో పెద్ద వింత. దారి వేసింది వాళ్ళే. కాకపోతే ఆ దారినిండా గోతులు.

ఆ గోతుల గురించి గట్టిగా ఆలోచించినవాడు రాన్ గిల్బర్ట్. లూకాస్‌ఫిల్మ్ గేమ్స్‌లో ప్రోగ్రామర్. వాళ్ళ బంధువుల కుర్రాడు కింగ్స్ క్వెస్ట్ ఆడుతుంటే చూసి, "మనం చేయాల్సిన ఆట ఇలాంటిదే, కానీ ఈ టైపింగూ, ఈ చావులూ లేకుండా" అనుకున్నాడు. అలా గ్యారీ విన్నిక్‌తో కలిసి చేసింది 1987 నాటి మేనియాక్ మాన్షన్. కమాండ్లు టైప్ చేసే పని లేదు. తెర కింద క్రియాపదాలు ఉంటాయి, నొక్కడమే.

ఇక్కడ మన ఇంజనీర్లకి పనికొచ్చే ముక్క ఒకటుంది. ఆ ఆట కమోడోర్ 64 మీద మొదలైంది. అంత పెద్ద కథని 6502 అసెంబ్లీలో రాస్తూ పోతే ఇక తేలేది కాదు. అందుకని గిల్బర్ట్ స్కమ్ అనే స్క్రిప్టింగ్ భాష తయారుచేశాడు. దాని తొలి కంపైలర్ రాసినవాడు చిప్ మార్నింగ్‌స్టార్. తర్వాత ఎరిక్ విల్మండర్ దాన్ని చాలా ఏళ్ళు పెంచి పోషించాడు. కథ స్క్రిప్టులో, దాన్ని నడిపే ఇంటర్‌ప్రెటర్ విడిగా. గోడ మీద గడియారానికి ఒక స్క్రిప్టు, నడిచే మనిషికి ఒకటి, అన్నీ ఒకేసారి నడుస్తాయి. దీనివల్ల పోర్టింగ్ తేలికైంది సరే, అంతకన్నా పెద్ద లాభం ఇంకోటి ఉంది. మార్చడం చవకైపోయింది. మార్చడం చవకైతేనే కదా మనం మన తప్పు ఒప్పుకునేది!

ఇంతకీ మేనియాక్ మాన్షన్‌లో కూడా చావులున్నాయి, బయటపడలేని గోతులూ ఉన్నాయి. గిల్బర్ట్ దాన్ని దాచుకోలేదు. 1989లో అడ్వెంచర్ గేములు ఎందుకింత చెత్తగా ఉంటున్నాయో చెబుతూ ఒక వ్యాసం రాశాడు. చచ్చి నేర్చుకోవలసి వస్తే అది డిజైన్ లోపం, ఎప్పుడో వదిలేసిన వస్తువు కోసం ఆట మొత్తం మళ్ళీ ఆడించకూడదు, ఇలాంటి సూత్రాలు. అప్పటికే మంకీ ఐలాండ్ ఆలోచన అతని బుర్రలో తిరుగుతోంది.

ది సీక్రెట్ ఆఫ్ మంకీ ఐలాండ్ 1990లో వచ్చింది. మా పై మింగేసిన కింగ్స్ క్వెస్ట్ 5 వచ్చిందీ అదే ఏడాది. గిల్బర్ట్‌తో పాటు టిమ్ షేఫర్, డేవ్ గ్రాస్‌మన్ అనే ఇద్దరు కొత్త కుర్రాళ్ళు పనిచేశారు. "అసలు డైలాగులు తర్వాత ఎవరో రాస్తారులే" అనుకుని వాళ్ళు సరదాగా రాసి పెట్టినవే చివరికి ఆటలో ఉండిపోయాయి. హీరో పేరు గైబ్రష్ వెనక కథ ఇంకా తమాషా. పేరు తేలక ఆ బొమ్మని "గై" అనేవాళ్ళు. డీలక్స్ పెయింట్‌లో బొమ్మల ఫైలుని బ్రష్ అంటారు. రెండూ కలిసి ఫైలు పేరై, అదే హీరో పేరైంది. మన ప్రాజెక్టుల్లో "టెంప్" అని పెట్టిన టేబుల్ పదేళ్ళు ప్రొడక్షన్‌లో నడవట్లేదూ, అలాగే.

ఆ ఆటలో ఒకచోట గైబ్రష్ కొండ అంచు నుంచి పడిపోతాడు. అచ్చం సియెర్రా ఆటల్లోలాగే ఆట అయిపోయింది, పాత సేవ్ తెరుచుకోమని ఒక బాక్సు వస్తుంది. గుండె ఆగినంత పనవుతుంది. మరుక్షణం అతను బంతిలా ఎగిరి పైకొచ్చి నిలబడతాడు. కింద రబ్బరు చెట్టుందట! 1997లో ఈ ఆట మా చేతికొచ్చింది. అక్కడ అన్నయ్యా నేనూ కుర్చీల్లోంచి పడిపోయేలా నవ్వాం. ఇంగ్లీషు అదే, మేమూ అదే. ఈసారి చివరిదాకా ఆడేశాం.

సరే, ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే.

2006లో మా టీమ్ ఒక ఆఫీసుకి వెబ్ అప్లికేషన్ చేసింది. ఏడు పేజీల ఫారం. ఇరవై నిమిషాలు దాటితే సెషన్ పోతుంది. కానీ పోయినట్టు చెప్పదు. అన్ని పేజీలూ నింపనిచ్చి, చివర్లో సబ్మిట్ నొక్కాక లాగిన్ పేజీకి తీసుకెళ్తుంది. నింపిందంతా గంగపాలు. ఫిర్యాదులొచ్చాయి. "వర్క్స్ యాజ్ డిజైన్డ్" అని రాసి టికెట్ మూసింది నేనే.

మూడు నెలలకి వేరే పని మీద ఆ ఆఫీసుకి వెళ్ళాను. రిటైర్మెంట్‌కి దగ్గరున్న ఒకావిడ మా ఫారం నింపుతున్నారు. ముందు అంతా ఒక నోటుబుక్కులో రాసుకుని, దాన్ని చూస్తూ గబగబా టైప్ చేస్తున్నారు. ఎందుకు మేడమ్ ఇలా అని అడిగాను.

"మధ్యలో పోతుంది కదా బాబూ. మాకే కంప్యూటర్ సరిగ్గా రాదు. మీరు చేసింది బాగానే ఉందిలెండి" అన్నారు.

నాకు పెద్దమ్మ వాళ్ళిల్లు గుర్తొచ్చింది. "మన ఇంగ్లీషు సరిగ్గా లేదురా" అన్న మాట గుర్తొచ్చింది. గొయ్యి తవ్వినవాడు ఒకడు, పడి తనని తాను తిట్టుకునేవాడు ఇంకొకడు. ఈసారి తవ్వింది నేను.

ప్రతి పేజీకీ డ్రాఫ్ట్ సేవ్ పెట్టడానికి మాకు పట్టింది రెండు రోజులు. అది మా తప్పేనని ఒప్పుకోవడానికి పట్టింది మూడు నెలలు.

గిల్బర్ట్ 1991లో మంకీ ఐలాండ్ 2 చేసి, 1992లో కంపెనీ వదిలేశాడు. ఆ తర్వాతి మూడూ (1997, 2000, 2009) వేరేవాళ్ళు చేశారు. హక్కులు 2012లో లూకాస్‌ఫిల్మ్‌తో పాటు డిస్నీకి పోయాయి. పాత ఆటలు ఇప్పటికీ నడుస్తున్నాయంటే, 2001లో మొదలైన స్కమ్‌వీఎమ్ పుణ్యం చాలా ఉంది. దాన్ని మొదలుపెట్టినవాళ్ళలో ఒకడైన లుడ్విగ్ స్ట్రీగియసే తర్వాత మ్యూటోరెంట్ రాసింది! 2022లో గిల్బర్ట్, గ్రాస్‌మన్ మళ్ళీ కలిసి రిటర్న్ టు మంకీ ఐలాండ్ చేశారు. అందులో దారి తోచనివాళ్ళ కోసం ఆటలోనే ఒక సూచనల పుస్తకం పెట్టారు. కొద్దికొద్దిగా చెబుతుంది, అవమానించదు.

మీ దగ్గర "యూజర్ ఎర్రర్" అని మూసేసిన టికెట్లుంటే ఒకసారి తెరిచి చూడండి. నావి నేను చూసుకున్నాను. ఇంకో నాలుగు గోతులు దొరికాయి.