బుడమేరులో మునిగిన మారుతీ

మా టీమ్‌లో ఎవరికి ఈ కారు సంగతి చెప్పినా మొదట అడిగేది ఒకటే ప్రశ్న: "అంత కష్టపడే బదులు డౌన్ పేమెంట్ కట్టి కొత్తది తీసుకోవచ్చుగా?" మన ఐటీ వాళ్లకి ఈఎమ్ఐ అంటే ఊపిరి పీల్చుకోవడమంత మామూలు కదా. ఒక్కొక్కడికీ విడివిడిగా జవాబు చెప్పే ఓపిక లేక ఈ టపా రాస్తున్నా. కాస్త పొడుగైంది, తీరిగ్గా చదువుకోండి.

కారు 1998 మోడల్ మారుతీ 800, తెల్లది. నాన్న 2006లో సెకండ్ హ్యాండులో కొన్నాడు. ఆయన ఆర్టీసీలో మెకానిక్కుగా చేసి రిటైరయ్యాడు. 2023లో పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట కూడా పోయింది. అప్పట్నుంచీ కారు మా సందులో ఒక టార్పాలిన్ కింద పడి ఉంది. నేను హైదరాబాదులో ఉద్యోగం వెలగబెడుతున్నా, అమ్మకి నాన్నతోనే సరిపోయేది. ఇక దాన్ని పట్టించుకునే నాథుడెవడు?

మా ఇల్లు అజిత్‌సింగ్ నగర్‌లో. విజయవాడ వాళ్లకి ఇక కథ చెప్పక్కర్లేదు. మిగతావాళ్లకి మాత్రం ఒక్క ముక్క చెప్పాలి, ఎందుకంటే ఇప్పటికీ చాలామంది "కృష్ణ పొంగి మీ ఏరియా మునిగిందటగా" అంటుంటారు. కృష్ణ పొంగిన మాట నిజమే. ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది, 2009 నాటి రికార్డు కూడా దాటిపోయింది. టీవీలన్నీ బ్యారేజీ గేట్లకి గుద్దుకున్న పడవలనే చూపిస్తున్నాయి. మమ్మల్ని ముంచింది మాత్రం వెనకవైపు నుంచొచ్చిన బుడమేరు. మామూలు రోజుల్లో అదొక మురుగుకాలవలా ఉంటుంది, కొల్లేటికి పోతుంది. వరదొస్తే ఆ నీటిని వెలగలేరు దగ్గర మళ్లించి డైవర్షన్ ఛానల్లో కృష్ణలో కలుపుతారు. కృష్ణే నిండుగా ఉంటే ఆ నీరు ఎక్కడికి పోవాలి? ఛానల్ గట్టు మూడు చోట్ల తెగింది. 2024 సెప్టెంబరు 1 తెల్లారేసరికి మా వీధి చెరువు. గండ్లు పూడ్చడానికి ఆర్మీ రావాల్సొచ్చింది.

అమ్మా నాన్నా మేడ మీద గదిలో ఉండిపోయారు కాబట్టి సరిపోయింది. కింద మంచాలు, ఫ్రిజ్జు, బీరువా, అన్నీ పోయాయి. కారు అద్దాల సగం దాకా నీళ్లలో వారం పైన నానింది.

నీళ్లు తీశాక వచ్చినవాళ్లలో మొదటివాళ్లు తుక్కు కొనేవాళ్లు. మా కారుకి పన్నెండు వేలన్నారు. నాన్న తల అడ్డంగా ఊపాడు. "ఏం చేసుకుంటారండీ దాన్ని" అని అమ్మ గొణిగింది. నేనూ ఆలోచనలో పడ్డా. ఆ ఇన్సూరెన్సు థర్డ్ పార్టీది, వరద నష్టానికి పైసా రాదు. గ్రౌండ్ ఫ్లోరు మునిగిన ఇంటికి ప్రభుత్వం ప్రకటించిన 25,000 వైరింగుకీ వంటింటికీ చాలలేదు. అటు నా ప్రాజెక్టు అయిపోయి బెంచి మీదకొచ్చా. ఇంటి నుంచి పని చేసుకోమన్నారు గానీ, బెంచి మీదున్నవాడు ఏడేళ్ల కారు లోను తీసుకుంటే వాడికి గుండె ధైర్యం కాదు, ఇంకేదో ఉన్నట్టు. ఇంకోపక్క నాన్నకి వారంలో మూడు రోజులు ఫిజియోథెరపీ. రానూపోనూ ఆటోకి 350. డబ్బు ఒక ఎత్తు, ఆ కాలితో ఆటో ఎక్కించి దించడం ఇంకో ఎత్తు. మారుతీ ముందు సీటయితే తలుపు బార్లా తీసి కూర్చోబెట్టి కాళ్లు లోపల పెట్టెయ్యొచ్చు. అలా ముప్ఫై వేలు మించకూడదు అనుకుని మొదలెట్టా.

మునిగిన బండికి మొదటి సూత్రం, తాళం తిప్పకూడదు. గాలి నొక్కితే నొక్కుకుంటుంది, నీళ్లు నొక్కుకోవు. సిలిండర్లో నీళ్లుండగా పిస్టన్ పైకొస్తే వంగేది కనెక్టింగ్ రాడ్డే. పక్క వీధిలో ఒకాయన ఐదేళ్ల కారుకి "ఓసారి చూద్దాం" అని సెల్ఫ్ కొట్టాడు, ఇంజను కథ అక్కడితో ముగిసింది. మా దగ్గరా ఎవరో తాళం అడిగితే నాన్న కర్రతో నేల మీద టపటపా కొట్టి "వద్దు" అన్నాడు. ఆయనకి స్పష్టంగా వచ్చే నాలుగైదు మాటల్లో అదొకటి.

మూడు స్పార్క్ ప్లగ్గులూ విప్పి, సిలిండర్లలో డీజిలూ ఇంజనాయిలూ కలిపి పోసి రెండ్రోజులు వదిలేశాం. తర్వాత టాప్ గేర్లో పెట్టి బండిని ముందుకీ వెనక్కీ ఊపడం. మొదటిరోజు చలనం లేదు. రెండోరోజు సాయంత్రం ఇంజను తిరిగింది, ప్లగ్గు కన్నాల్లోంచి బురదనీళ్లు ఎగజిమ్మాయి. కింద నట్టు విప్పితే ఆయిల్ బదులు పాలెక్కువైన కాఫీ లాంటిది కారింది. చవక ఆయిలు పోసి రెండుసార్లు కడిగాక గానీ రంగు మారలేదు.

ఈ కారులో ఈసీయూ లేదు. కార్బ్యురేటరు, డిస్ట్రిబ్యూటరు, మెకానికల్ ఫ్యూయల్ పంపు, అంతే. విప్పి, కడిగి, ఆరబెట్టి బిగించుకోవచ్చు. అదే ఇప్పటి కారయితే తడిసిన కంప్యూటర్ల ఖర్చే బడ్జెట్ దాటేది. మన భాషలో చెప్పాలంటే డాక్యుమెంటేషన్ లేని ఇరవయ్యారేళ్ల కోడు. తెలిసిన మనిషి పక్కనే కుర్చీలో కూర్చుని ఉన్నాడు, కానీ చెప్పలేడు.

నాన్నకి అన్నీ తెలుసు, వస్తువు పేరే సరైనది రాదు. పానా కావాలంటే "చెంచా" అంటాడు. బోల్టుకి "గిన్నె". తప్పు పేరొచ్చిందని ఆయనకే తెలిసి కోపం ముంచుకొస్తుంది. మొదటి వారం రెండుసార్లు కుర్చీ తిప్పుకుని వెళ్లిపోయాడు. తర్వాత ఓ దారి దొరికింది. స్పీచ్ థెరపీలో అంకెలు వరసగా చెప్పిస్తారు, వరస మాత్రం చెడదు. పన్నెండో నంబరు పానా కావాలంటే ఒకటి నుంచి లెక్కపెట్టుకుంటూ వచ్చి పన్నెండు దగ్గర ఆగుతాడు. ఆగిన చోటే సైజు. ఒక్కసారి కూడా తప్పలేదు. ఆ తర్వాత పని పరిగెత్తింది, "చెంచా" అంటే నేనూ చెంచాయే అనుకోవడం మొదలెట్టా.

స్టార్టర్ మోటారు పట్టుకుని ఆటోనగర్ వెళ్లా. అక్కడ దొరకని పార్టు ఉండదని బెజవాడ వాళ్ల నమ్మకం, చాలావరకు నిజమే. షాపులో పెద్దాయన విప్పి ఒండ్రు స్క్రూడ్రైవరుతో గోకి తీశాడు.

"కొత్తది ఎంతవుద్ది బాబాయ్?"

"కొత్తదెందుకు అబ్బాయ్, కాయిల్ బాగానే ఉందిగా. బుష్షులు మారిస్తే చాలు."

తొమ్మిదొందలు. కొత్తది అమ్ముకుంటే ఆయనకే లాభం కదా!

కార్పెట్ పీకితే డ్రైవర్ కాళ్ల కింద నేల కనపడింది. ఫ్లోరు కోసి కొత్త రేకు వెల్డింగు, టింకరింగ్ కలిపి 5,000. బ్రేకులు మాత్రం బేరమాడకుండా మొత్తం మార్చా, బ్రేక్ ఆయిల్ నీటిని పీల్చుకుంటుంది కాబట్టి. కార్బ్యురేటర్ కిట్టుతో పాటు పెట్రోలు గొట్టాలూ కొత్తవే వేశాం. 2025 నుంచి మనకి దొరుకుతున్న మామూలు పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్, అది పాత రబ్బరుని తినేస్తుంది. పాత బండి ఉన్నవాళ్లు ఈ ఒక్కటీ చూసుకోండి. రెండు టైర్లు, బ్యాటరీ, చిల్లర మల్లర అన్నీ కలిపి 27,600 అయింది. పెయింట్ జోలికి పోలేదు. అద్దాల మీద నీటి గీత ఇంకా కనిపిస్తుంది.

డిసెంబర్లో ఒక ఆదివారం స్టార్టయింది. అయింది గానీ కుంటుతోంది. నాన్న కళ్లు మూసుకుని విని, ప్లగ్గు వైర్లు ఒక్కోటీ లాగమని సైగ చేశాడు. మొదటిది లాగితే ఇంజను ఇంకా చతికిలబడింది, రెండోదీ అంతే. మూడోది లాగితే శబ్దంలో తేడానే లేదు. "ఒకటి, రెండు, మూడు" అని ఆగాడు. ఆ సిలిండర్ అసలు మండట్లేదన్నమాట. వైరు మార్చగానే శబ్దం సాఫీ అయింది. అమ్మ కొబ్బరికాయ తేవడానికి లోపలికి పరిగెత్తింది.

ఇది అందరూ చెయ్యాలని మాత్రం అనను. ఈసీయూ ఉన్న కారు ఇలా మునిగితే, ఇన్సూరెన్సు వస్తుంటే, నోరు మూసుకుని క్లెయిమ్ చేసుకోవడమే తెలివి. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లూ జాగ్రత్త, మునిగిన కార్లు కడిగించుకుని వేరే ఊళ్లలో అమ్ముడవుతుంటాయి. సీటు బెల్టు చివరిదాకా లాగి చూడండి, అక్కడి మట్టి గీత ఎవడూ కడగడు.

ఇక సర్కారు వారి లెక్క వేరు. కారు ఆర్సీ రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్లో 600 నుంచి 5,000 అయింది. 2025 ఆగస్టులో ఇరవయ్యేళ్లు దాటిన కార్లకి 10,000 చేశారు. మాది 2028లో రెన్యువల్‌కి వస్తుంది. పొగ తగ్గాలన్న మాట ఒప్పుకుంటా, కానీ వారానికి యాభై కిలోమీటర్లు తిరిగే బండికీ రోజూ తిరిగే బండికీ ఒకటే ఫీజేంటో!

ప్రస్తుతం సోమ, బుధ, శుక్రవారాలు నాన్న ముందు సీట్లో ఫిజియోథెరపీకి వెళుతున్నాడు. సింగ్‌నగర్ ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు రెండో గేర్లో సన్నగా ఓ కూత వస్తోంది. నాన్న దాన్ని "పిల్లి" అంటున్నాడు. పిల్లంటే ఏ పార్టో ఇంకా తేలలేదు. వచ్చే శనివారం గేర్ ఆయిల్ మళ్లీ దించి చూడాలి.