పెద్దాపురం పట్టు... కొలిచి కుట్టిన చొక్కా

పెద్దాపురం అనగానే చాలామందికి మరిడమ్మ తల్లి జాతర, పాండవుల మెట్ట గుర్తొస్తాయి. చరిత్ర మీద ఇష్టం ఉన్నవాళ్లకి వత్సవాయి రాజుల సంస్థానం. మా గోదావరి జిల్లాల్లో పెళ్లి తలపెట్టినవాళ్లకి మాత్రం ముందు గుర్తొచ్చేది పట్టే. తెల్లటి పట్టు పంచె, కండువా, వాటికి జతగా చొక్కా గుడ్డ!

సామర్లకోటలో రైలు దిగితే ఆటోలో కాసేపటి ప్రయాణం. 2022 నుంచి ఈ ఊరు కాకినాడ జిల్లాలోది. నోటికి మాత్రం ఇంకా తూర్పుగోదావరే వస్తుంది.

షాపులో బోలెడు రెడీమేడ్ చొక్కాలుండగా గుడ్డ కొని కుట్టించుకునే తిప్పలెందుకు అంటారా? చొక్కా మీద 40 అని ఉంటే ఛాతీ నలభై అంగుళాలని చాలామంది అనుకుంటారు. నిజానికి చాలా కంపెనీల్లో అది మెడ కొలత, అదీ సెంటీమీటర్లలో! మెడకి సరిపోయిన చొక్కా మీ భుజానికీ, పొట్టకీ సరిపోవాలని ఎక్కడుంది?

మా బాబాయి సంగతే చూడండి. ముఠాలో బస్తాలు మోసీ మోసీ కుడి భుజం కిందికి జారిపోయింది. ఏ రెడీమేడ్ చొక్కా తొడిగినా ఒకవైపు వేలాడుతుంది. కూతురి పెళ్లికి, ఎదురుకోలులో వియ్యాలవారి ముందు అలా నిలబడనని పట్టుబట్టి నన్ను తీసుకుని ఇక్కడికొచ్చాడు. టైలరుగారు రెండు భుజాలూ విడివిడిగా కొలిచారు. 'కుడివైపు లోపల కొంచెం ఎత్తిద్దామండి, ఎవరికీ తెలీదు' అన్నారు. 'ఆయ్, అదేనండి కావాల్సింది' అన్నాడు బాబాయి. ఆ ముఖం చూస్తే పెళ్లి సగం అయిపోయినట్టే ఉంది.

భుజం కుట్టు సరిగ్గా ఎముక చివర పడాలి. కాలరు గుండీ పెట్టాక రెండు వేళ్లు దూరాలి. చేతులు ముందుకు చాపినా కఫ్ మణికట్టు దాటి వెనక్కి పోకూడదు. ఇవన్నీ ఏ చొక్కాకైనా ఉండేవే. పట్టుకి ఇంకో చిక్కుంది. దారం నున్నగా ఉంటుంది కాబట్టి, బిగుతుగా కుడితే కుట్టు దగ్గర పడుగూ పేకా పక్కకి జారి గుడ్డ విచ్చుకుంటుంది. అందుకే మంచి టైలరు ఒంటికి అతికినట్టు కుట్టడు. కాస్త వదులు ఇచ్చి, కుట్టు లోపల గుడ్డ ఎక్కువ వదులుతాడు. రేపు పొట్ట పెరిగినా పనికొస్తుంది మరి!

కొనేముందు పన్నా ఎంతో అడగండి. మగ్గం గుడ్డ పన్నా అన్నిచోట్లా ఒకేలా ఉండదు. 36 అంగుళాలదైతే మామూలు మనిషి ఫుల్‌హ్యాండ్స్ చొక్కాకి రెండున్నర మీటర్లు పడుతుంది. సిల్క్‌మార్క్ ఉందేమో చూడండి. లేకపోతే ఒక దారప్పోగు కాల్చి చూడండి. అసలు పట్టయితే కాలిన వెంట్రుకల వాసనొస్తుంది, బూడిద వేళ్ల మధ్య పొడిపొడి అవుతుంది. ప్లాస్టిక్‌లా ముద్దకట్టిందంటే అది పట్టు కాదు.

బేరం ఆడేముందు మాత్రం ఓసారి మగ్గం ముందు కూర్చున్నాయన్ని చూసి రండి. పోగు తెగితే ఆపాలి, అతకాలి, మళ్లీ మొదలెట్టాలి. ఇంట్లో ఆడవాళ్లు కండెలు చుట్టే పని లెక్కలోకే రాదు. ఆ ఇళ్లల్లో పిల్లలు చదువుకుని వేరే ఉద్యోగాలకి పోతుంటే తప్పు పట్టగలమా? ఆ మగ్గం ఆగితే టైలరుగారి కత్తెర కిందకి మిల్లు గుడ్డే వస్తుంది.

ఇక కొలతల సంగతి. శ్రావణమాసం ముహూర్తాలకి చొక్కా కావాలంటే, ఆషాఢంలో మరిడమ్మ జాతరకి వెళ్లినప్పుడే ఇచ్చేసి రండి. ముహూర్తాలు మొదలయ్యాక వెళ్తే టైలరుగారు మిషను మీంచి తల కూడా ఎత్తరు.