పిల్లికి బిచ్చం

పరమ లోభిని గురించి "పిల్లికి బిచ్చం పెట్టడు" అంటారు మనవాళ్ళు. తెలుగు పండితునిగా పనిచేసిన ముప్ఫై రెండేండ్లలో జాతీయముల పాఠము వచ్చినప్పుడల్లా ఈ మాటను నల్లబల్ల మీద వ్రాసి, ఎదురుగా "పిసినారి" అని అర్థము వ్రాసి, పిల్లలచేత సొంతవాక్యాలు కట్టించినాను. పిల్లికి పెట్టవలసిన బిచ్చము ఏది అని ఏ విద్యార్థీ అడుగలేదు. నాకూ తోచలేదు. ఉద్యోగ విరమణ తరువాత ఆ ప్రశ్నను ఒక పిల్లి అడిగినది. అప్పటికే ఆలస్యమైనది. ఆ ముచ్చట చెప్పుకొనుటకే ఈ నాలుగు మాటలు.

మాది ఒంటిమిట్ట. మిద్దె ఎక్కితే కోదండరాముని గోపురము కనబడుతుంది. ఒకే శిలలో సీతారామలక్ష్మణులు కొలువైన చోటు గనుక ఏకశిలానగరమని మా ఊరికి పేరు. 2015లో ఆలయము తిరుమల తిరుపతి దేవస్థానముల అధీనములోనికి వచ్చిన తరువాత యాత్రికుల రాక పెరిగినది. చైత్రమాసములో వెన్నెల రాత్రి జరిగే కల్యాణానికి ఇసుక వేస్తే రాలనంత జనము. జనముతో అంగళ్ళు, అంగళ్ళతో ఎంగిలాకులు, ఎంగిలాకులతో ఎలుకలు, ఎలుకల వెంట పిల్లులు. కడప నుండి తిరుపతికి పోయే రహదారి ఊరిని ఒరసుకొని పోతుంది. తెల్లవారి నడకకు పోతే ఆ తారు మీద ఏదో ఒక కూన చితికి కనబడని వారము లేదు.

2018లో నేను ఇంట కూర్చున్న కొత్తలో, ఆ రహదారి ప్రక్క చింతచెట్టు మొదట రెండు కూనలు దొరికినవి. పైపంచెలో చుట్టుకొని తెచ్చినాను. "రెండు దినములు ఉంచి ఎవరికైనా ఇచ్చేద్దాము" అన్నది నా భార్య. ఆ రెండు దినములు నేటికీ పూర్తి కాలేదు. అయ్యవారి వాకిట వదిలితే బ్రతుకుతాయి అన్న మాట ఊరిలో పాకినది. ప్రొద్దున తలుపు తీస్తే అట్టపెట్టె, అందులో కండ్లు తెరవని మూడు నలుసులు. ఇట్లా పెరిగి, నేడు మా ఇంట పదకొండు పిల్లులు, ఒక కుక్క.

పేర్లు పెట్టుటలో నా వృత్తి నన్ను వదలలేదు. ఏ ఇద్దరు ప్రక్కప్రక్కన కూర్చున్నా వారి నడుమ దూరి పడుకునేది యడాగమము. ఒకనాడు ఉండి ఒకనాడు లోపించేది ద్రుతము. గొంతు పెగిలితే బండి ఇరుసు కీచుమన్నట్లుండే గండుపిల్లి శకటరేఫము. 2021 నవంబరులో చెయ్యేటి మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి రాజంపేట ప్రాంతపు పల్లెలు కొట్టుకొనిపోయినప్పుడు, ఆ బురదలో దొరికిన కుక్కపిల్లను పూర్వ విద్యార్థి ఒకడు తెచ్చి ఇచ్చినాడు. దాని వీపు మీద ఒకదాని క్రింద ఒకటి రెండు నల్ల చుక్కలు. అది విసర్గ.

ఇక అరసున్న. బూడిదరంగు ఆడకూన. నోరు తెరుస్తుంది, మీసాలు కదులుతాయి, శబ్దము రాదు. వ్రాతలో కనబడి నోట పలకని అక్షరము దానికి పేరు కాక మరేమవుతుంది? నోరు లేని పిల్ల, రహదారి దగ్గర, అన్న భయముతో దానిని మాత్రము గడప దాటనీయలేదు. తక్కినవి దొడ్డి గోడ దూకి ఊరంతా తిరిగి వచ్చేవి. ఇది నా వాలుకుర్చీ క్రింద పెరిగినది. దాచుకొనుటెందుకు, పదకొండింటిలోను నాకు ఎక్కువైనది అదే.

మాది శాకాహారుల ఇల్లు. తాతముత్తాతల నాటి నుండి పొయ్యి మీదికి కోడిగ్రుడ్డు సైతము రాలేదు. కనుక పిల్లులకూ మేము తినేదే: పాలు, పెరుగన్నము, పండుగనాడు ఇంత నెయ్యి. ఎండాకాలములో రాగిసంకటి మజ్జిగలో పిసికి పెడితే అది కూడా నాకేవి. చూచి మురిసేవాణ్ణి. సహవాసము చేత పిల్లి కూడా సాత్త్వికమైపోతుందని వచ్చిన మిత్రులకు చెప్పుకునేవాణ్ణి. గోడ దూకినవి బయట ఏమి తిని వస్తున్నవో విచారించలేదు.

2023 వేసవిలో అరసున్న కుర్చీ మీదికి ఎగిరి, అందక క్రింద పడినది. నవ్వుకున్నాము. మరునాడు నీళ్ళ గిన్నెలో కాలు వేసినది. మిట్టమధ్యాహ్నపు వెలుతురులో కూడా దాని కంటిపాపలు పెద్దవిగా విచ్చుకొనియే ఉన్నవని నా భార్య గమనించినది. దాని ముఖము ముందర దారపు ఉండను ఆడించినాను. చూపు కదలలేదు. దారపు ఉండ నేలకు తాకిన చప్పుడుకు మాత్రము చెవి తిరిగినది.

బుట్టలో పాత చీర పరచి, దానిని పెట్టుకొని కడప బస్సు ఎక్కినాను. చంకలో పిల్లిని పెట్టుకొని పెండ్లికి పోయినట్లు అన్న సామెత ఆ పూట నాకు ముప్పాతిక మువ్వీసము సరిపోయినది.

"ఏం సామీ, బుట్టలో ఏముండాది? కోడా?" అన్నాడు కండక్టరు.

"పిల్లి నాయనా. కండ్లు కనబడుట లేదు. ఆసుపత్రికి."

"పిల్లికి గూడా ఆస్పత్రినా!" అని నవ్వి, బుట్టలోకి తొంగి చూచినాడు. అరసున్న నోరు తెరచినది. శబ్దము రాలేదు. ఆయన నవ్వు ఆగినది. "ఇట్లా కిటికీ పక్కన కూసోండి సామీ, గాలొస్తాది" అని చోటు చూపినాడు.

పశువైద్యుడు చిన్నవాడు, ఓపికగలవాడు. కండ్లలో దీపము వేసి చూచి, గుండె విని, "ఏమి పెడుతున్నారు సార్?" అని అడిగినాడు. చెప్పినాను, కొంత గర్వముగానే. ఆయన పెన్ను క్రింద పెట్టినాడు.

ఆయన వివరించినది నాకు అర్థమైనంత వరకు ఇది. టారిన్ అని ఒక పదార్థమున్నది. మనిషి శరీరము, కుక్క శరీరము సాధారణముగా దానిని తయారు చేసుకోగలవు. పిల్లి శరీరము తగినంత చేసుకోలేదు. మాంసము నుండి, చేపల నుండి అది రావలసిందే. అన్నములో లేదు, ఆవుపాలలో ఉన్నది చాలదు. అది కొరవడితే కంటి వెనుకటి పొర నెలల తరబడి కొంచెము కొంచెముగా క్షీణిస్తుంది, గుండె కండరము పలుచనై సాగిపోతుంది. కంటి సంగతి 1975లోను, గుండె సంగతి 1987లోను శాస్త్రజ్ఞులు కనిపెట్టినారట. అనగా కంటి సంగతి నేను ఉద్యోగములో చేరక ముందే లోకానికి తెలిసిన విషయము. "గోడ దూకేవాటికి ఏమీ కాలేదు సార్, ఎలుకనో తొండనో పట్టుకొని తింటాయి. దీనిని ఇంట్లో పెట్టుకున్నారు గదా" అన్నాడు. గుండెకు ఇంకా ముప్పు రాలేదు. పోయిన చూపు మాత్రము రాదు.

తిరుగు బస్సులో నాకు హితోపదేశము గుర్తుకు వచ్చినది. చిన్నయసూరి నీతిచంద్రికలో మిత్రలాభము చెప్పినన్ని సార్లు మరి ఏ పాఠమూ చెప్పి ఉండను. అందులో దీర్ఘకర్ణుడనే పిల్లి ముసలి గ్రద్ద దగ్గరకు పోయి, తాను మాంసము ముట్టనని, చాంద్రాయణవ్రతము చేయుచున్నానని నమ్మబలుకుతుంది. మహాబలిపురములోని పెద్దశిల్పములో కూడా ఎలుకల నడుమ ఒక పిల్లి ముందరి కాళ్ళెత్తి తపస్సు చేస్తూ ఉంటుంది. విహారయాత్రకు తీసుకొనిపోయిన పిల్లలకు దానిని చూపి, దొంగజపము అంటే ఇదేనని చెప్పి నవ్వించినాను. ఆ కథలలోని పిల్లులు తమంతట తాము వేషము కట్టినవి. అరసున్న అట్టి వేషమేదీ కట్టలేదు. దానిచేత వ్రతము పట్టించినవాణ్ణి నేను. దాని కండ్లతో నేను పుణ్యము సంపాదించుకుంటూ ఉన్నాను.

ఇంటికి వచ్చి చెప్పినాను. నా భార్య మడి పాటించే మనిషి. ఆమె ఏమంటుందోనని దారిపొడుగునా భయపడినాను. చాలాసేపు మాటలాడలేదు. అరసున్నను ఒడిలో వేసుకొని దాని చెవులు నిమురుతూ కూర్చున్నది. తరువాత లేచి, దొడ్డిలో నీళ్ళకాగు పెట్టే రాళ్ళపొయ్యిని కడిగి, అటక మీది పాత సత్తుగిన్నె ఒకటి దింపి దాని ప్రక్కన పెట్టినది.

"ఏమండీ, ఇది లోపలికి రాకూడదు. గరిటె కూడా వేరు. మీరు తెస్తే నేను ఉడకేస్తాను" అన్నది.

"నీవా?"

"దానికి కావలసినది పెట్టలేమంటే మొదటనే తెచ్చుకోకూడదు. తెచ్చుకున్నాము గదా."

మరునాడు రహదారి ప్రక్కనున్న కోళ్ళ అంగడికి పోయినాను. ఆ అంగడి ముందర నడచినది వేయి సార్లు, ఆగినది అదే మొదలు. అంగడివాడు నా దగ్గర పదవ తరగతి చదివినవాడే. చేతిలోని కత్తి గబుక్కున వెనుక దాచుకున్నాడు.

"సార్, మీరు ఈ పక్కకొచ్చినారేంది?"

"పిల్లులకు నాయనా."

ఎంత కావాలి, ఏమేమి కావాలి అని వైద్యుడు వ్రాసి ఇచ్చిన చీటీ చూపినాను. గుండెకాయలు, కొద్దిగా కార్జము, ఎముక లేని ముక్కలు. పిల్లుల పేర్లు అడిగినాడు. చెప్పగా, "యడాగమం నాకు అప్పుడూ రాలేదు, ఇప్పుడూ రాదు సార్. దానికి రెండు ముక్కలు ఎక్కువ ఏస్తాలే" అన్నాడు. డబ్బు తీసుకోనన్నాడు. బలవంతముగా ఇచ్చినాను.

ఇప్పుడు మా దొడ్డిపొయ్యి మీద దినమూ అది ఉడుకుతుంది. ఉప్పు వేయగూడదు. ఉల్లి, వెల్లుల్లి పిల్లులకు విషము, ఆ ఒక్క విషయములో వాటి ఆచారము మా ఇంటి ఆచారముతో కలిసినది. ఉడికిన నీటిలోనికే ఆ టారిన్ దిగుతుంది గనుక నీరు పారబోయక దానితోనే పెట్టవలెను. ఉడికిన ఎముక పెళుసై ప్రేగులలో గ్రుచ్చుకుంటుంది. మనము వేసుకునే పారాసెటమాల్ బిళ్ళ ఒక్కటి చాలు పిల్లి ప్రాణము తీయుటకు. ఇవన్నీ తెలిసినవారికి చిన్న విషయములే. తెలియని నావంటివారు ఎవరైనా చదువుతారేమోనని వ్రాస్తున్నాను. అన్నట్లు, ఆడపిల్లులన్నిటికీ ఆ వైద్యునిచేతనే పిల్లలు పుట్టకుండ శస్త్రచికిత్స చేయించినాము. పిల్లి రెండు నెలలకు ఈనుతుంది, కూనలు పాలు త్రాగుచుండగానే మరల చూలు నిలువగలదు. సంతానము వద్దనుటకు మనమెవరము అని మొదట సందేహించినాను. తారు మీది కూనలు జ్ఞాపకము వచ్చి సమ్మతించినాను.

బంధువులలో కొందరు మా ఇంట మంచినీళ్ళు మానినారు. వారిని తప్పుపట్టను. ఐదేండ్ల క్రిందట నేనైనా అంతే చేసి ఉందును.

మా ఊరికి వావిలికొలను సుబ్బారావుగారు పూజ్యులు. వాసుదాసుగా, ఆంధ్రవాల్మీకిగా ప్రసిద్ధులు. మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలలో తెలుగు పండితులుగా ఉండిన మహానుభావుడు, పాడుపడిన రామాలయాన్ని బాగుచేయుటకు టెంకాయచిప్ప పట్టుకొని ఊరూరా బిచ్చమెత్తినారు. ఆ చిప్ప మీద ఒక శతకమే చెప్పినారు. వారితో నాకు పోలిక లేదు. అయినా తెల్లవారి చేతిలో గిన్నెతో కోళ్ళ అంగడి ముందర నిలుచున్నప్పుడు, తెలుగు పండితుడు గిన్నె పట్టుకొని నిలబడుట ఈ ఊరికి కొత్త కాదులే అనుకొని సిగ్గు తీర్చుకుంటాను.

అరసున్నకు చూపు లేదు. ఇల్లంతా మీసాలతో చదువుకున్నది. కుర్చీ ఒక జానెడు జరిగినా ఆగిపోతుంది, అందుకని మేము దేనినీ జరపము. దాని గిన్నె ఎక్కడున్నదీ తెలియుటకు ఒక టెంకాయచిప్పతో గట్టు మీద మూడుసార్లు తట్టుతాను. వాలుకుర్చీ క్రింద నుండి లేచి, గోడ వెంట మెల్లగా వస్తుంది. గిన్నె ముందర నిలిచి, నా వైపు ముఖమెత్తి, నోరు తెరుస్తుంది.